పచ్చయ్యగారికి పడని రంగులు

పచ్చయ్యగారి దృష్టిలో లోకంలో ఉన్నది ఒకే ఒక్క రంగు. మిగతావన్నీ ఆ రంగు ఇంకా వేయని గోడలు.

ఆయనకి వేరే పేరు ఉండేది. అది ఇంటిపన్ను కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో ఇళ్ళకి రంగులు వేయించే కాంట్రాక్టు చేస్తున్నారని అందరూ అంటారు గానీ, అందులో బహువచనం అబద్ధం. ఇళ్ళకి రంగు వేయిస్తున్నారు. ఆ రంగు ఆకుపచ్చ.

ఈ సంగతి చిన్నకోడలికి పెళ్ళికి ముందు ఎవరూ చెప్పలేదు. ఆమె ఇంటీరియర్ డిజైను మూడేళ్ళు చదివి, రంగుల పొందిక అనే పాఠంలో పతకం కూడా తెచ్చుకున్న మనిషి. అలాంటిదాన్ని విధి తెచ్చి ఈ ఇంట్లో పడేసింది. సంగీతం నేర్చుకున్నవాళ్ళని పిండిమరలో కాపురం పెట్టించినట్టు.

హాలు లేతపచ్చ. కర్టెన్లు చిలకపచ్చ. సోఫా నాచుపచ్చ. అందులో కూర్చున్న చుట్టాలందరి మొహాల మీద ఆ ఛాయ పడి, పరామర్శకి వచ్చినవాళ్ళని కూడా పరామర్శించాలనిపించేది. బాత్రూంలో బకెట్టు, మగ్గు, సబ్బు, సబ్బుపెట్టె అన్నీ ఒకే జాతి. గోడగడియారానికి పలక పచ్చ, అంకెలు పచ్చ, ముళ్ళు పచ్చ. టైము తెలుసుకోవాలంటే పక్కింటికి వెళ్ళాలి.

"చిన్నప్పుడు పచ్చచొక్కా వేసుకుని గోడకి ఆనుకుంటే మా అమ్మకి కనిపించేవాణ్ణి కాదు," అన్నాడు ఆమె భర్త, గర్వంగానో దిగులుగానో తెలియకుండా. "లెక్కల హోంవర్కు అలాగే తప్పించుకున్నాను."

అత్తగారు ఆ ఇంట్లో గుడ్డివాళ్ళ పద్ధతులు అలవాటు చేసుకుంది. కోడలు కాపురానికొచ్చిన వారానికి ఆమె సోఫాని అరచేతులతో తడుముతూ కనిపించింది.

"ఏం పోయింది అత్తయ్యా?"

"కళ్ళజోడు పెట్టె. మంగళవారం ఇక్కడే పెట్టాను."

"ఏ రంగు?"

అత్తగారు ఆమె వైపు జాలిగా చూసింది. "ఇంకా నీకు అలవాటు కాలేదమ్మా. ఈ ఇంట్లో ఏ రంగని అడక్కూడదు. ఎంత పొడుగని అడగాలి."

కోడలు తమ గదికైనా తెలుపు వేయించుకుందామని నిశ్చయించుకుంది. మామగారు వెంటనే ఒప్పుకున్నారు. "తెలుపుకేమమ్మాయ్, దివ్యమైన రంగు," అన్నారు. ఆమె రెండు రోజులు పుట్టింటికి వెళ్ళి వచ్చేసరికి గది లేత చిగురులా మెరుస్తోంది.

"మామయ్యగారూ, ఇది తెలుపా?"

"తెలుపే. కాస్త పచ్చగా ఉన్న తెలుపు."

"కాస్తా?"

"చూడమ్మాయ్, మీ పెళ్ళిలో పెద్దలందరూ మీ కాపురం పచ్చగా ఉండాలని దీవించారా లేదా? వాళ్ళు నోటితో దీవించి భోజనం చేసి వెళ్ళిపోయారు. నేను డబ్బా ఖర్చుపెట్టి దీవించాను. ఎవరిది గట్టి దీవెన?"

గిరాకీల దగ్గరా ఇదే వరస. ఒక హెడ్మాస్టరుగారు తన ముందుగదికి పసుపుపచ్చ వేయమన్నారు. వేశారు, చిక్కటి ఆకుపచ్చ. హెడ్మాస్టరుగారు బెత్తం లేని చేతిని గాల్లో ఆడిస్తూ వచ్చారు.

"నేను చెప్పింది పసుపుపచ్చ!"

"అందులో చివరిమాట ఏమిటండీ?"

"పచ్చ!"

"మరి అదే వేశాం. మొదటిమాట పొరపాటున అనుంటారనుకున్నాం. పెద్దవాళ్ళు ఎప్పుడూ ఆఖర్నే అసలు మాట చెబుతారు గదా."

పాతికేళ్ళు పిల్లలకి వ్యాకరణం చెప్పిన మనిషి ఆ మాటని రెండుసార్లు తనలో తాను విడదీసి చూసుకుని ఇంటిదారి పట్టారు. ఆయన ఇప్పటికీ ఆ గదిలోనే పేపరు చదువుకుంటున్నారు.

మరి ఇంత అన్యాయం చేస్తున్నా ఊరు ఈయన దగ్గరికే ఎందుకు పోతోందని కోడలు మొదట్లో ఆశ్చర్యపోయింది. దానికి కారణం మేస్త్రీ.

మేస్త్రీ మాటలు తక్కువ మనిషి. మొదట్నుంచీ పచ్చయ్యగారితోనే ఉన్నాడు. అతను లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, కళ్ళు మూసుకుని అరచేత్తో గోడంతా నిమురుతాడు. ఎక్కడైనా ఆవగింజంత గరుకు తగిలితే మళ్ళీ మొదటికొస్తాడు. అతను వేసిన గోడ మీద ఈగ వాలితే జారి కిందపడుతుందని ఊళ్ళో సామెత. అలాంటి నునుపు కావాలంటే పచ్చయ్యగారి పిచ్చిని భరించాలి. గులాబీ కావాలంటే ముల్లుతో సహా కోసుకోవాలి గదా. కాకపోతే ఇక్కడ గులాబీ కూడా ఆకుపచ్చే.

"వేరే రంగులు వేస్తే ఏమవుతుంది మామయ్యగారూ?" అని కోడలు అప్పుడప్పుడూ అడిగేది, శాస్త్రజ్ఞానం కోసం.

"ఎరుపు ఇంట్లో ఉంటే తగువులు. నీలం జలుబు. తెలుపు వేస్తే చుట్టాలు వస్తారు, వచ్చి పోరు."

"ఆకుపచ్చ వేస్తే?"

"వస్తారు. త్వరగా వెళ్ళిపోతారు."

ఇది మాత్రం ఆమె కళ్ళారా చూసిన సత్యం.

కోడలి దశ తిరిగిందనుకున్న రోజు పళ్ళ డాక్టరమ్మ రూపంలో వచ్చింది. ఆమె కొత్తగా ఇల్లు కట్టుకుంది, లోపలి పని మొత్తం కోడలికి అప్పగిస్తానంది. సొంతంగా వస్తున్న మొదటి పని. ఇది బాగా చేస్తే ఆ వీధిలో కడుతున్న ఇంకో నాలుగిళ్ళూ ఆమెవే. చెడిందంటే, ఇన్నాళ్ళ చదువూ పతకంతో పాటు పచ్చబీరువాలో పడుంటుంది, వెతికినా దొరకదు.

"ఒకటే షరతు," అంది డాక్టరమ్మ. "నా క్లినిక్కు మీ మామగారే చేశారు. నేను అడిగింది మీగడ రంగు. వచ్చింది మీకు తెలుసు. సీలింగుతో సహా. మొన్నొకాయన మత్తు దిగుతూ దిగుతూ తోటలో ఉన్నాననుకుని చెప్పులు వెతుక్కుంటూ రోడ్డు మీదికి నడిచాడు. నా ఇంట్లో ఆకుపచ్చ ఒక్క చుక్క కనిపించినా ఆ రోజే ఇంకొకరిని పెట్టుకుంటాను."

"చుక్క కాదండీ, వాసన కూడా రానివ్వను," అంది కోడలు, ఒళ్ళు పులకరించి.

హాల్లో వీధి గుమ్మానికి ఎదురుగా పెద్ద గోడ. దానికి ఇటుక ఎరుపు. మిగతా మూడు గోడలు మీగడ రంగు. కాగితం మీద చూసి డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. ఇక కావలసిందల్లా మేస్త్రీ చెయ్యి.

"మేస్త్రీని మాత్రం అడక్కు," అన్నారు పచ్చయ్యగారు.

"ఎందుకు మామయ్యగారూ?"

"ఎరుపు అతనికి పడదు."

"పడకపోవడానికి అదేమన్నా మందా?"

"దగ్గొస్తుంది."

"ఎరుపు చూస్తే దగ్గా?"

"ఒక్కో ఒంటికి ఒక్కోటి. నాకు వంకాయరంగు చూస్తే తుమ్ములు," అని, తుమ్మి చూపించి, ఆయన లేచి వెళ్ళిపోయారు.

మర్నాడు పచ్చయ్యగారు పొరుగూరి పని చూడడానికి రెండు రోజులు వెళ్ళారు. ఆయన బస్సు మలుపు తిరిగిందో లేదో కోడలు మేస్త్రీ ఇంటి ముందు ఉంది.

"ఎరుపా?" అన్నాడు మేస్త్రీ. మొహం వెలిగింది. "వేస్తానమ్మా. దర్జాగా వేస్తాను. ఎన్నేళ్ళయిందో ఆ రంగు ముట్టుకుని. అయ్యగారు ముట్టనివ్వరుగా."

"దగ్గు గానీ వస్తుందా మీకు?"

"నాకా? నాకు జన్మలో దగ్గు లేదు."

ముసలాయన పచ్చి అబద్ధాలకోరు అని కోడలు తీర్మానించుకుంది. ఆ తీర్మానంలో తప్పేమీ లేదు.

రంగుకొట్టులో ఇటుక ఎరుపు కలిపించి ఒక పెద్ద డబ్బా తెచ్చింది. కొట్టువాడు అలవాటు ప్రకారం మూత మీద ఆ రంగు చుక్క ఒకటి అద్ది ఇచ్చాడు. మేస్త్రీ డబ్బా ఎత్తి చూసి, "చాలదమ్మా. ఎరుపు పల్చన. కింద తెల్లదనం కనబడకుండా ఉండాలంటే మూడు కోట్లు అడుగుతుంది," అన్నాడు.

"రెండు కోట్లే మేస్త్రీగారూ. నేను లెక్క వేశాను. పుస్తకంలో ఉంది."

"గోడ పుస్తకం చదవదు కదమ్మా," అన్నాడతను నెమ్మదిగా. అని, చదువుకున్నవాళ్ళతో వాదన ఎందుకని ఉప్పుకాగితం అందుకున్నాడు.

మొదటి రెండు కోట్లూ ఆ రోజే అయ్యాయి. నిజంగానే గోడ అక్కడక్కడ తెల్లగా తొంగిచూసింది. రెండోరోజు పొద్దున మేస్త్రీ మూడో కోటు మొదలుపెడుతుంటే కోడలు కర్టెన్ల గుడ్డ చూడడానికి బజారుకి వెళ్ళింది. ఫోను సంచీ అడుగున ఎక్కడో ఉంది. సాయంత్రం అయిదుకి డాక్టరమ్మ గోడ చూడడానికి వస్తానంది. కోడలు నాలుగున్నరకి తలుపు తీసింది.

గోడ ఎడమసగం ఇటుక ఎరుపు. కుడిసగం ముదురు ఆకుపచ్చ.

అలా ఇలా కాదు. సరిగ్గా మధ్యలో, ఎరుపు ఆగిన చోట పచ్చ మొదలై, అంగుళం వెడల్పున రెండూ వెన్నలా ఒకదాంట్లో ఒకటి కరిగిపోయాయి. రోలరు మచ్చ లేదు, బ్రష్షు గీత లేదు. ఇంత అందంగా చేసిన ఘోరాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు.

మేస్త్రీ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ పక్కన నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి గొప్ప చెప్పుకునేవాడిలా గొంతు సవరించుకున్నాడు.

"అతుకు ఎక్కడుందో కనిపెట్టండి చూద్దాం."

కోడలు గడియారం చూసుకుంది.

"కనబడదమ్మా. సగంలో డబ్బా అయిపోయింది. మీకు ఫోను చేస్తే ఎత్తలేదు. ఆగితే ఆరిపోయి గీత పడుతుంది. గోడౌను రెండు వీధులే గదా, సైకిలేసుకుని పోయాను. అక్కడున్న డబ్బాలన్నీ తిప్పి, మూత మీద చుక్కకి చుక్క పెట్టి చూసి, అచ్చం ఇదే రంగు పట్టుకొచ్చాను. నా మొహానికి అదృష్టం ఎప్పుడూ లేదు, ఇవాళ ఉంది."

మామగారి గోడౌనులో ఉండే డబ్బాలు ఏ రంగువో వేరే చెప్పాలా? ఆకుపచ్చలో పదమూడు రకాలు. అయిదుకి పాతిక నిమిషాలుంది. "మేస్త్రీగారూ! ఇది మీకు ఎలా కని..." అని మొదలుపెట్టిందో లేదో గుమ్మంలో పెద్ద చప్పుడు.

పచ్చయ్యగారు. రొప్పుతున్నారు. పొరుగూరి నుంచి రాగానే గోడౌను కాపలావాడు, మేస్త్రీ ఎరుపు తక్కువయిందని డబ్బా పట్టుకెళ్ళాడని చెప్పాడట. అరవై దాటిన మనిషి రెండు వీధులు పరిగెత్తారు. గోడని ఒక్కసారి చూశారు. మేస్త్రీని చూశారు.

"నేనే!" అని కేకపెట్టారు. "నేనే అన్నాను, మేస్త్రీ చేత నేనే చేయించాను!"

"మీరెక్కడ..." అంది కోడలు.

"ఫోన్లో చెప్పాను! నాకు ఆకుపచ్చంటే పిచ్చి. ఊరందరికీ తెలుసు!"

ఆయన కోడలి వైపు తిరిగారు. ఇన్నేళ్ళుగా హెడ్మాస్టర్లనీ డాక్టర్లనీ బుకాయించిన ఆ కళ్ళలో మొదటిసారి బుకాయింపు లేదు. వద్దమ్మాయ్, ఆ మాట అనకు అని ఉంది. కోడలు గోడ వైపు చూసింది. తన పనితనానికి మురిసిపోతూ, ఎరుపుకీ పచ్చకీ మధ్య అరచేత్తో నిమురుతున్న మేస్త్రీని చూసింది. అచ్చం ఇదే రంగు. చుక్కకి చుక్క పెట్టి చూశాను. ఆమెకి పతకం ఊరికే రాలేదు, అర్థమైంది.

అప్పుడే బయట కారు తలుపు పడింది.

డాక్టరమ్మ లోపలికి వచ్చి, గోడని ఈ చివరనుంచి ఆ చివరిదాకా పరీక్షగా చూసింది. పన్ను పీకేముందు అలాగే చూస్తుందని ఆమె దగ్గరికి వెళ్ళినవాళ్ళు చెబుతారు.

"ఇది ఎవరి పని?"

"నాదేనండీ," అన్నారు పచ్చయ్యగారు ముందుకు వచ్చి. "తిట్టాలంటే నన్ను తిట్టండి. కానీ ఒక్క మాట. మీరు పొద్దున్నుంచీ రాత్రిదాకా చూసేదేమిటి?"

"నోళ్ళు."

"లోపల ఏ రంగు?"

డాక్టరమ్మ చూపు గోడ ఎడమసగం మీదికి వెళ్ళింది.

"ఎరుపు! ఎర్రటి నాలుకలు, ఎర్రటి చిగుళ్ళు. రోజుకి ముప్పై నోళ్ళు. అలిసిపోయి ఇంటికొచ్చి తలుపు తీస్తే ఎదురుగా ఏమిటి? పది అడుగుల ఎత్తున, పదహారు అడుగుల వెడల్పున, తెరిచిన నోరు!"

"అయితే సగం ఎందుకు వదిలారు?"

"పోల్చి చూసుకుంటారని. ఎడమవైపు ఆస్పత్రి. కుడివైపు ఇల్లు."

డాక్టరమ్మ ఆయన్ని వదిలి కోడలి వైపు తిరిగింది. "మీరు చెప్పండి. నా ఇంటిపని మీకు అప్పగించాను. తప్పు ఈయనదా, మేస్త్రీదా?"

కోడలికి ఒక్క వాక్యం చాలు. మేస్త్రీకి రంగులు కనబడవు, అంతే. ఆమె పనీ, పేరూ, నాలుగిళ్ళూ మిగులుతాయి. మేస్త్రీ చేతిలోని బ్రష్షు మాత్రం మిగలదు.

"నాదండీ," అంది. "రంగు తక్కువ తెచ్చింది నేను. మేస్త్రీగారు ముందే చెప్పారు చాలదని. నేను వినలేదు. తర్వాత మామయ్యగారు చెప్పిన మాటకి ఊఁ అన్నాను."

డాక్టరమ్మ ఇంకా వదల్లేదు. "ఏం మేస్త్రీ, సగానికి రంగు మారుస్తుంటే నీకేమీ అనిపించలేదా?"

పచ్చయ్యగారు కళ్ళు మూసుకున్నారు. మేస్త్రీ గోడని చూశాడు, డాక్టరమ్మని చూశాడు, చివరికి పచ్చయ్యగారిని చూసి చేతులు కట్టుకున్నాడు.

"అయ్యగారు ఎలా అంటే అలాగేనమ్మా," అన్నాడు.

డాక్టరమ్మ స్టూలు మీద కూర్చుంది. ఎడమవైపు చూసింది. కుడివైపు చూసింది. మళ్ళీ ఎడమవైపు చూసింది. ఆమె కుడిచేతి వేళ్ళు తెలియకుండానే ఏదో పనిముట్టు పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి.

"ఛ," అంది చివరికి. "ఇటు చూస్తే డ్రిల్లు అందుకోవాలనిపిస్తోంది." లేచింది. "ఈ సగం కూడా ఆ పచ్చే వేసెయ్యండి. సీలింగు జోలికి వెళ్ళారంటే మాత్రం మీ మామాకోడళ్ళిద్దరికీ జ్ఞానదంతాలు నేనే పీకుతాను. మత్తు ఇవ్వను."

ఆకుపచ్చకి విరుగుడుగా చదువుకున్న కోడలి వృత్తిజీవితం ఆ విధంగా ఒక ఆకుపచ్చ గోడతో ప్రారంభమైంది.

మేస్త్రీ సామాను సర్దుకుంటుంటే మామాకోడళ్ళు బయట మెట్ల మీద కూర్చున్నారు.

"ఎప్పట్నుంచి?" అందామె.

"ఇరవై ఎనిమిదేళ్ళు. ఒక మేజిస్ట్రేటుగారి వీధితలుపు. ముదురెరుపు అడిగారు. మేస్త్రీ పచ్చ వేసి, ఇలాగే నవ్వుతూ నిలబడ్డాడు. అప్పుడు తెలిసింది నాకు. ఎరుపూ పచ్చా అతనికి ఒకటే. ఆ సంగతి అతనికే తెలియదు. ఈలోగా మేజిస్ట్రేటుగారు వచ్చేశారు. నోటికొచ్చింది చెప్పాను, నాకు ఆకుపచ్చంటే పిచ్చని. ఆయన నవ్వి ఊరుకున్నారు."

"మేస్త్రీగారికి చెప్పొచ్చు గదా?"

"రంగులు వేసేవాడికి రంగులు కనబడవని చెబితే, మర్నాడు బ్రష్షు పట్టుకుంటాడా? తప్పు కళ్ళది. అంత మంచి చేతులకెందుకమ్మా శిక్ష? గోడౌనులో అన్నీ పచ్చవే ఉంటే, కళ్ళు మూసుకుని ఏ డబ్బా తీసినా తప్పు పోదు. ముదురూ లేతా తేడా అతనికి బాగానే తెలుస్తుంది. ఇక ఊరు నమ్మాలంటే ముందు నా ఇల్లు చూసి నమ్మాలి. సోఫా మార్చాను. గడియారం మార్చాను..."

"అత్తయ్యకి తెలుసా?"

"ఆమె మనస్ఫూర్తిగా తిడుతుంటేనే గదా నా పిచ్చి నిజమని నలుగురూ నమ్మేది."

కోడలు పక్కకి తిరిగి ఆయన మొహంలోకి చూసింది. తర్వాత అడిగింది. "నిజం చెప్పండి మామయ్యగారూ. మీకు ఆకుపచ్చంటే అంత ఇష్టమా?"

పచ్చయ్యగారు అటూ ఇటూ చూసి, ఆమె చెవి దగ్గరికి వంగారు.

"అసహ్యం," అన్నారు. "ఇరవై ఎనిమిదేళ్ళుగా చెరువులో కప్పలా బతుకుతున్నాను."

మర్నాడు మిగతా సగానికి రంగు వేయడానికి మేస్త్రీ పెందలాడే వచ్చాడు. కోడలు డబ్బా మూత తీసి ఇచ్చింది. అతను రోలరు ముంచబోయి ఆగి, గుమ్మం వైపు ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు.

"మీరు ఇంటిమనిషి గనక చెబుతున్నానమ్మా. ఎవరితోనూ అనకండి."

"చెప్పండి మేస్త్రీగారూ."

"మీ మామగారికి రంగులు కనబడవు."

కోడలి చేతిలో మూత టక్కున నేలమీద పడింది.

"అవునమ్మా, పాపం. ఎప్పట్నుంచో చూస్తున్నాను. ఎర్రతలుపుని పట్టుకుని పచ్చతలుపంటారు. అసలు పచ్చదొక్కటే ఆయన కంటికి ఆనుతుందేమో, అందుకే అన్నీ అదే తెప్పిస్తారు. నిన్న చూడండి, ఒకే రంగు గోడని పట్టుకుని డాక్టరమ్మ ముందు సగం ఎరుపు, సగం పచ్చ అని ఎలా వాదించారో! నాకు ప్రాణం పోయిందనుకోండి. ఆ తల్లి పెద్దమనసుది గనక అవునవునని సర్దుకుంది. మీరూ చప్పున అందుకున్నారు, నాకెంత సంతోషమయిందో."

"మీరు... ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదా?"

"రంగుల కాంట్రాక్టరుకి రంగులు తెలియవంటే పని ఎవరిస్తారమ్మా? ఎక్కువ ఇస్తాం రమ్మని ఎంతమంది పిలిచారో. పోలేదు." మేస్త్రీ రోలరు ఎత్తి, గోడ పైఅంచున ఆనించి, నిటారుగా కిందికి లాగాడు. "అలాంటి కళ్ళు పెట్టుకుని ఈ వ్యాపారంలోకి దిగిన మనిషిని ఒంటరిగా ఎలా వదిలేస్తాం చెప్పండి?"

కోడలు వంగి మూత తీసుకుంది. నవ్వు ఆగేదాకా లేవలేదు.

"వదలకండి మేస్త్రీగారూ," అంది. "నేనూ ఓ కన్నేసి ఉంచుతాను."